పాతదా, కొత్తదా: జ్ఞాపకం మోడళ్లను పోటీకి పెట్టిన ప్రాజెక్టు డైరీ

ఎందుకు మొదలుపెట్టాను

మనిషి ఒక వస్తువునో మాటనో "ఇది ఇంతకుముందు చూశాను" అని ఎలా గుర్తుపడతాడు అన్నదాని మీద సైకాలజీలో బోలెడు మోడళ్లున్నాయి. వాటి పేపర్లు చదువుతుంటే నాకు చిరాకు తెప్పించింది ఒకటే: ఎవరి పేపర్‌లో వాళ్ల మోడలే గెలుస్తుంది. డేటా చూస్తే దాదాపు ఒకేలా ఉంటుంది, పాయింట్ల గుండా పోయే గీతలూ ఒకేలా ఉంటాయి, తేల్చేది మాత్రం ఉత్తర దక్షిణాలు. సరే, అన్నిటినీ ఒకే కోడ్‌లో పెట్టి, ఒకే డేటా ఇచ్చి, ఒకే నియమాలతో పోటీకి దింపితే ఏమవుతుందో చూద్దామనిపించింది. పైథాన్ భాష, అందులో లెక్కలు చేసే నమ్‌పై, సైపై లైబ్రరీలు. అంతకుమించి హంగులేమీ లేవు.

పరీక్ష చాలా సింపుల్. కొన్ని మాటలు ఒకదాని తర్వాత ఒకటి స్క్రీన్ మీద చూపిస్తాం. కాసేపాగి ఇంకో జాబితా చూపిస్తాం, అందులో సగం ఇందాకటివి, సగం కొత్తవి. ఒక్కోదానికీ పాతదో కొత్తదో చెప్పాలి. ఉట్టి అవును, కాదు అయితే డేటా పలచగా ఉంటుంది కాబట్టి ఆరు బటన్లు పెట్టాను: "కచ్చితంగా కొత్తది" నుంచి "కచ్చితంగా పాతది" దాకా. పాత మాటని పాతది అంటే హిట్, కొత్త మాటని పాతది అంటే ఫాల్స్ అలారం. ఇక్కడి నుంచి కథంతా ఈ రెండిటి చుట్టూనే తిరుగుతుంది.

బరిలో ఎవరెవరు

మొదటిది త్రెషోల్డ్ మోడల్. జ్ఞాపకం గడప దాటిందా, లేదా, రెండే స్థితులు. దాటితే నిక్కచ్చిగా తెలుస్తుంది, దాటకపోతే మనిషి ఊహించి చెబుతాడు. దీనిలోనే రెండు గడపల రకం ఉంది: పాతవాటికి ఒక గడప, "ఇది కచ్చితంగా చూడలేదు" అని కొత్తవాటిని పట్టుకునే గడప ఇంకొకటి.

రెండోది సిగ్నల్ డిటెక్షన్. రాడార్ తెర మీద చుక్క శత్రు విమానమా, ఉట్టి రొదా అని తేల్చే గణితం నుంచి పుట్టింది. 1958లో ఈగన్ దాన్ని గుర్తుపట్టే పరీక్షలకు వాడాడు, 1966లో గ్రీన్, స్వెట్స్ రాసిన పుస్తకంతో సైకాలజీ అంతటా పాకింది. దీని ప్రకారం ప్రతి మాటకీ మనసులో ఒక "పరిచయపు బలం" ఉంటుంది, కొత్తవాటికి తక్కువ, పాతవాటికి ఎక్కువ, రెండూ గంట ఆకారపు కర్వులే, కొంత మేర ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. మనిషి మధ్యలో ఎక్కడో ఒక హద్దు గీసుకుంటాడు, బలం ఆ హద్దు దాటితే పాతది అంటాడు. రెండు కర్వుల మధ్య దూరమే డీ-ప్రైమ్. హిట్ రేటు 0.84, ఫాల్స్ అలారం రేటు 0.16 అయితే డీ-ప్రైమ్ దాదాపు 2.

కర్వు ఎంత వెడల్పుగా పరుచుకుందో చెప్పే కొలత వేరియన్స్. కర్వులు రెండూ ఒకే వెడల్పు అనుకుంటే సమాన వేరియన్స్ మోడల్, పాతవాటి కర్వు వెడల్పు అనుకుంటే అసమాన వేరియన్స్ మోడల్. రెండోది వినడానికి అతుకులా ఉంటుంది గానీ కారణం సహజమైనదే. జాబితా చూసేటప్పుడు మనిషి ధ్యాస ఒక మాట మీద బాగా నిలుస్తుంది, ఇంకో మాట దగ్గర ఎటో పోతుంది. అంటే అన్ని మాటలకూ ఒకేంత బలం కలవదు, చెదురుగా కలుస్తుంది. అందుకే పాతవాటి కర్వు సాగుతుంది.

ఇక ఆఖరిది, అందరూ కొట్టుకునేది: రెండు ప్రక్రియల మోడల్. 1980లో మాండ్లర్ ఇచ్చిన ఉదాహరణ ప్రసిద్ధం. బస్సులో ఒక మనిషి కనిపిస్తాడు, బాగా తెలిసిన మొహం, ఎవరో మాత్రం అందదు. కాసేపటికి తడుతుంది, మాంసం కొట్టు అతను! మొదట కలిగింది పరిచయభావం, తర్వాత జరిగింది సందర్భంతో సహా జ్ఞాపకం రావడం, దాన్నే రీకలెక్షన్ అంటారు. 1994లో యోనెలినాస్ దీనికి లెక్కలు కట్టాడు: రీకలెక్షన్ జరిగితే జరుగుతుంది, లేకపోతే లేదు, అంటే అది గడప రకం. జరిగితే మనిషి నేరుగా "కచ్చితంగా పాతది" నొక్కుతాడు. జరగకపోతే మామూలు సిగ్నల్ డిటెక్షన్, అదీ సమాన వేరియన్స్‌తో.

అంటే మొదటి రెండు ఆలోచనల సంకరం అన్నమాట. నాకు ముందు నుంచీ మనసులో దీనివైపే మొగ్గు ఉందని ఒప్పుకోవాలి, ఎందుకంటే మన అనుభవం అలాగే అనిపిస్తుంది. అనిపించడం సాక్ష్యం కాదు, అది వేరే విషయం.

మాటల జాబితా

ఇది గంటలో తేలిపోతుందనుకునే రకం పని. తేలదు. అరుదైన మాటల్ని మనుషులు తరచూ వాడే మాటలకన్నా బాగా గుర్తుపడతారు, ఇంకో తమాషా ఏంటంటే కొత్తవాటిలో కూడా అరుదైన మాటల్ని బాగా తోసిపుచ్చుతారు. అంటే హిట్లు ఎక్కువ, ఫాల్స్ అలారాలు తక్కువ, రెండూ ఒకేసారి. దీన్ని మిర్రర్ ఎఫెక్ట్ అంటారు, 1985లో గ్లాంజర్, ఆడమ్స్ పాత ప్రయోగాలన్నీ తిరగేసి ఇది మళ్లీ మళ్లీ కనిపిస్తోందని చూపించారు. కాబట్టి జాబితాలో ఏ మాట ఎంత వాడుకలో ఉందో తెలియకుండా మాటలు కలిపేస్తే కర్వుల వెడల్పు జ్ఞాపకం వల్ల వచ్చిందో, నా మాటల ఎంపిక వల్ల వచ్చిందో చెప్పలేం.

పెద్ద తెలుగు పాఠ్యం తీసుకుని మాటలు లెక్కపెట్టే స్క్రిప్ట్ రాశాను. ఇల్లు, ఇంట్లో, ఇంటికి, ఇంటినుంచి, ఇళ్లలో... ఇవన్నీ కంప్యూటర్‌కి వేరు వేరు మాటలు. అలా లెక్కపెడితే "ఇల్లు" అన్న రూపానికి దాని అసలు వాడుకలో చిన్న ముక్కే దక్కుతుంది, విభక్తులు పెద్దగా తగలని మాటలు జాబితాలో పైకెక్కి కూర్చుంటాయి. రూపాలన్నిటినీ మూలమాట కిందికి చేర్చే పని సగం స్క్రిప్ట్‌తో, సగం చేత్తో చేశాను. అర్థంలో మరీ దగ్గరగా ఉన్న జంటల్ని కూడా తీసేశాను, ఒకటి చూపించి ఇంకొకటి కొత్తదిగా పెడితే అది వేరే పరీక్ష అయిపోతుంది. ఎవరికి ఏ మాట పాతది, ఏది కొత్తది అన్నది ప్రతి మనిషికీ లాటరీలా మారుస్తున్నాను.

కోడ్

ప్రతి మోడల్‌కీ ఒకే పని: పారామీటర్లు (డీ-ప్రైమ్, హద్దులు లాంటి, మోడల్‌లో సర్దుకునే అంకెలు) ఇస్తే పాత మాటలకు ఆరు బటన్ల సంభావ్యత, కొత్త మాటలకు ఆరు బటన్ల సంభావ్యత ఇవ్వాలి. తర్వాత లైక్లీహుడ్, అంటే ఆ మోడల్ నిజమైతే ఈ డేటా వచ్చే అవకాశం, లెక్కకట్టడం, దాన్ని పెంచడం సైపై చూసుకుంటుంది.

ఆరు బటన్లకి ఐదు హద్దులు కావాలి, అవి వరసలో ఉండాలి. ఆప్టిమైజర్‌కి, అంటే మంచి పారామీటర్లని వెతికే సైపై పనిముట్టుకి, ఆ సంగతి తెలియదు, వదిలేస్తే మూడో హద్దుని రెండోదాని కిందికి తోసేసి మైనస్ సంభావ్యతలు ఇస్తుంది. మొదటి హద్దుని నేరుగా, మిగతావాటిని మధ్య దూరాలుగా తీసుకుని, ఆ దూరాల్ని ఎక్స్‌పొనెన్షియల్‌లో పెడితే ఎప్పుడూ పాజిటివే, గొడవ ఉండదు. రీకలెక్షన్ సంభావ్యత 0కి 1కి మధ్య ఉండాలి కాబట్టి దానికి లాజిట్, అంటే 0కి 1కి మధ్య ఉన్న అంకెని ఎటైనా ఎంత దూరమైనా పోగల అంకెగా మార్చే సూత్రం. అయితే ఎవరికైనా ఆ విలువ నిజంగానే 0 దగ్గర తేలితే లాజిట్ మైనస్ అనంతం వైపు పరిగెడుతుంది, లైక్లీహుడ్ బల్లపరుపుగా ఉండి ఆప్టిమైజర్ అటే తిరుగుతూ ఉంటుంది. హద్దులు పెట్టి, రకరకాల మొదలు పాయింట్ల నుంచి నడిపి, అన్నిట్లో మంచిది తీసుకుంటున్నాను.

కోడ్ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి నాకు నచ్చిన చెక్ ఒకటుంది. సమాన వేరియన్స్ మోడల్‌లో డీ-ప్రైమ్ 1 అయితే ఆర్‌ఓసీ కర్వు (ఫాల్స్ అలారం రేటుకి ఎదురుగా హిట్ రేటుని చూపే గీత, వివరం కింద ఉంది) కింది వైశాల్యం 0.760 రావాలి, డీ-ప్రైమ్‌ని రూట్ 2తో భాగించి నార్మల్ పట్టికలో చూస్తే వచ్చేది అదే. రెండు మాటలు పక్కపక్కన చూపించి ఏది పాతది అనడిగితే ఆ మనిషి సరిగ్గా చెప్పే శాతం కూడా అదే అవ్వాలి. బోలెడు హద్దులు పెట్టి గీసిన కర్వు కింద వైశాల్యం, రెండు రాండమ్ నంబర్లు తీసి పోల్చే సిమ్యులేషన్, రెండూ 0.760 దగ్గరకే వస్తే నెగ్గినట్టు. వచ్చాయి.

ఆర్‌ఓసీ గీతలు

ఆర్‌ఓసీ అంటే అడ్డంగా ఫాల్స్ అలారం రేటు, నిలువుగా హిట్ రేటు. "కచ్చితంగా పాతది" ఒక్కటే లెక్కపెడితే ఒక పాయింట్, దాని పక్క బటన్ కూడా కలిపితే రెండోది, అలా ఐదు పాయింట్లు. త్రెషోల్డ్ మోడల్ ప్రకారం అవి ఒక సరళ రేఖ మీద ఉండాలి, సిగ్నల్ డిటెక్షన్ ప్రకారం వంపు తిరగాలి. నా డేటాలో వంపు ఉంది, అందరి డేటాలోనూ ఉంటుంది. చాలా ఏళ్ల పాటు త్రెషోల్డ్ మోడల్‌ని పక్కకు నెట్టడానికి ఈ వంపే చాలనుకున్నారు.

అంత సులువుగా చావదు. ఊహించే స్థితిలో ఉన్నప్పుడు మనిషి బటన్లని ఎలా పంచుకుంటాడు, గడప దాటినప్పుడు కూడా అన్నిసార్లూ చివరి బటనే నొక్కుతాడా అన్న స్వేచ్ఛ ఇస్తే త్రెషోల్డ్ మోడల్ కూడా వంపు గీసేస్తుంది. 2009లో బ్రోడర్, షూట్జ్ సరిగ్గా ఈ మాటే పట్టుకున్నారు: కాన్ఫిడెన్స్ బటన్లతో వచ్చిన వంపుని చూసి త్రెషోల్డ్‌ని కొట్టేయకండి, అవును-కాదు పరీక్షలో జవాబుల మొగ్గుని మార్చి ఆర్‌ఓసీ గీయండి అన్నారు. నా దగ్గర ఉన్నది బటన్ల డేటానే కాబట్టి ఈ మోడల్ గురించి తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. రెండు గడపల మోడల్ కోడ్‌లో ఉంది, నడుస్తుంది, ఫలితాల పట్టికలో మాత్రం దాన్ని పక్క వరసలోనే ఉంచాను.

ఇంకో రకంగా గీస్తే తేడాలు బాగా తెలుస్తాయి. రెండు రేట్లనీ జెడ్ స్కోర్లుగా, అంటే గంట ఆకారపు కర్వు మీద మధ్య నుంచి ఎంత దూరమో చెప్పే అంకెలుగా, మార్చి గీయాలి. అప్పుడు సమాన వేరియన్స్ మోడల్ చెప్పేది వాలు 1 ఉన్న సరళ రేఖ, అసమానం చెప్పేది 1 కన్నా తక్కువ వాలు ఉన్న సరళ రేఖ. మాటల ప్రయోగాల్లో ఈ వాలు మామూలుగా 0.8 దగ్గర వస్తుంది, 1992లో రాట్‌క్లిఫ్, షూ, గ్రాన్‌లండ్ చూపించినప్పటి నుంచీ సమాన వేరియన్స్ మోడల్ తల ఎత్తుకోలేదు. రెండు ప్రక్రియల మోడల్ చెప్పేది సరళ రేఖ కాదు, కాస్త వంగిన గీత. కాబట్టి వంగిందా లేదా చూస్తే తేలిపోతుందిగా?

ఇక్కడే ఇరుక్కున్నాను

ఆ వంపు ఎంతో చేత్తో లెక్కకట్టాను. రెండు ప్రక్రియల మోడల్‌లో రీకలెక్షన్ 0.3, పరిచయభావం డీ-ప్రైమ్ 1 అనుకుందాం. హద్దుని మార్చుకుంటూ పోతే ఇలా వస్తుంది: ఫాల్స్ అలారం 0.69 దగ్గర హిట్ 0.953, 0.31 దగ్గర 0.784, 0.067 దగ్గర 0.516, మరీ కఠినమైన హద్దు పెట్టి 0.006 దగ్గరకు పోతే 0.347. ఇక్కడ గమనించాల్సింది చివరి జంట. ఫాల్స్ అలారాలు దాదాపు మాయమైపోయినా హిట్లు 0.3 కిందికి దిగవు, రీకలెక్షన్ నేల అది.

ఇప్పుడు మొదటి మూడు పాయింట్ల జెడ్ స్కోర్ల గుండా ఒక సరళ రేఖ వేశాను. దాని వాలు 0.82. అంటే పేపర్లలో కనిపించే 0.8 ఇక్కడా ఉట్టినే వచ్చేసింది, అసలు అసమాన వేరియన్స్ అన్నదే లేని మోడల్ నుంచి! ఆ రేఖ చెప్పే హిట్లు 0.951, 0.798, 0.506. అసలువి 0.953, 0.784, 0.516. ఎక్కడా ఒకటిన్నర శాతం తేడా కూడా లేదు. ఒక మనిషి వంద మాటలకు ఇచ్చిన జవాబుల్లో ఆ తేడా కనిపించదు, రొదలో కొట్టుకుపోతుంది.

నాలుగో పాయింట్ దగ్గర మాత్రం దారులు చీలతాయి. ఫాల్స్ అలారం 0.006 దగ్గర రేఖ చెప్పేది 0.211, రెండు ప్రక్రియల మోడల్ చెప్పేది 0.347. హమ్మయ్య, దొరికింది అనుకుంటాం. కానీ ఫిట్ చేసేటప్పుడు, అంటే మోడల్‌ని డేటాకి సర్దేటప్పుడు, హద్దు ఎక్కడుందో మనకి ముందుగా తెలియదు, అది కూడా మోడలే వెతుక్కుంటుంది. హిట్లు 0.347 అని డేటాలో ఉంటే అసమాన వేరియన్స్ మోడల్ తన హద్దుని కాస్త జరిపి "సరే, 0.347 హిట్లంటే నా లెక్కలో ఫాల్స్ అలారం 0.023" అంటుంది. గొడవ 0.006కీ 0.023కీ మధ్య. పరీక్షలో వంద కొత్త మాటలుంటే రెండు ప్రక్రియల మోడల్ లెక్కన "కచ్చితంగా పాతది" బటన్ కొత్త మాటకి సగటున అర్ధంసారి పైచిలుకు పడుతుంది, అసమాన వేరియన్స్ లెక్కన రెండుసార్లు పైచిలుకు. అదృష్టం కొద్దీ వచ్చే ఊగిసలాటే ఒకటి, ఒకటిన్నర ఉంటుంది.

అంటే ఇన్నేళ్లుగా జ్ఞాపకం ఒక ప్రక్రియా రెండా అని జరుగుతున్న వాదనలో, ఈ తరహా డేటాతో చేసే భాగమంతా, ఒక మనిషి పరీక్ష మధ్యలో కొత్త మాట చూసి గట్టి నమ్మకంతో తప్పు బటన్ ఒకటి రెండుసార్లు నొక్కాడా లేదా అన్నదాని మీద నిలబడి ఉంది. పొరపాటున వేలు జారి నొక్కినా అదే లెక్క! ఇది కాగితం మీద తేలాక కాసేపు కోడ్ ముట్టుకోవాలనిపించలేదు.

ఏఐసీ, బీఐసీ ఏమంటాయి

మోడల్ డేటాకి ఎంత బాగా సరిపోయిందో చూసి, పారామీటర్లు ఎక్కువైతే శిక్ష వేసే సూత్రాలు ఇవి. ఇక్కడ అవి పెద్దగా ఏమీ అనవు. ఆరు బటన్లు, రెండు రకాల మాటలు, కాబట్టి డేటాలో స్వేచ్ఛగా కదిలే సంఖ్యలు పది. సమాన వేరియన్స్‌కి పారామీటర్లు ఆరు, అసమానానికి ఏడు, రెండు ప్రక్రియలకూ ఏడే. పారామీటర్లు సమానం అయినప్పుడు ఏఐసీ, బీఐసీ రెండూ ఉట్టి లైక్లీహుడ్ తేడాకి వచ్చేస్తాయి, శిక్ష ఇద్దరికీ ఒకటే. పారామీటర్ల సంఖ్య ఒకటే అయినంత మాత్రాన రెండు మోడళ్లూ ఒకేలా సాగుతాయని కాదు, కొన్ని ఆకారాలకి ఒకటి సులువుగా వంగుతుంది, ఇంకోటి వంగదు. ఆ సంగతి లెక్కపెట్టే అరలు ఈ రెండు సూత్రాల్లో లేవు.

సమానం, అసమానం మధ్య మాత్రం ఏ సూత్రం వాడామన్నది లెక్కలోకి వస్తుంది. రెండు వందల జవాబులుంటే బీఐసీ అదనపు పారామీటర్‌కి 5.3 కోస్తుంది, ఏఐసీ 2 మాత్రమే కోస్తుంది. విడివిడి మనుషుల దగ్గర ఏఐసీ అసమానం అని, బీఐసీ సమానం అని చెప్పినవి ఉన్నాయి. అందరి లాగ్-లైక్లీహుడ్‌లూ కూడితే ఆ అనుమానం పోతుంది.

అందరి డేటానీ ఒకే కుప్పగా పోసి ఫిట్ చేస్తే పని తేలికే గానీ అది ఒప్పుకోలేను. ఒకరు జాగ్రత్తగా నొక్కేవారు, ఇంకొకరు ధైర్యంగా నొక్కేవారు, ఇద్దర్నీ కలిపి సగటు తీస్తే వచ్చే గీత ఇద్దరిలో ఎవరిదీ కాదు. దాని వంపు చూసి మనసు గురించి మాట్లాడటం ఎందుకు?

నిజం డేటాకన్నా ముందు దొంగ డేటా

మోడల్ రికవరీ అనే పని ఇది. అసమాన వేరియన్స్ మోడల్‌తోనే కల్పిత మనుషుల్ని తయారుచేసి, వాళ్ల జవాబుల్ని రెండు మోడళ్లకీ ఇచ్చి, ఎవరు గెలిచారో చూడటం. తర్వాత రెండో మోడల్‌తో తయారుచేసి అదే చేయడం. నిజం ఏంటో మనకి తెలిసిన చోటే మన కొలత సరిగ్గా కొలవకపోతే, తెలియని చోట కొలుస్తుందని ఏ ధైర్యంతో నమ్ముతాం?

ఫలితం పై లెక్క ఎలా భయపెట్టిందో అలాగే వచ్చింది. ఒక్కొక్కరి డేటా విడిగా చూస్తే తప్పు మోడల్ గెలిచిన సందర్భాలు చూసీ చూడనట్టు వదిలేసేన్ని కావు. రీకలెక్షన్ ఎక్కువున్న కల్పిత మనుషుల్లో కాస్త మెరుగు, తక్కువున్నవాళ్లలో బొమ్మా బొరుసే. అందరి తేడాలూ కూడితే సరైన మోడల్ పైకి వస్తుంది, అది ఊరట. కానీ అలా కూడటంలో అందరిలోనూ ఒకే ప్రక్రియ నడుస్తోందన్న ఊహ దాగి ఉంది, అదీ నిరూపించాల్సిందే కదా.

నిజం మనుషులు

తెలిసినవాళ్లకి పరీక్ష లింక్ పంపాను. కొందరు ఆరు బటన్లూ చక్కగా వాడారు, కొందరు రెండు చివర్లే వాడారు, మధ్య బటన్లు ఉన్నాయన్న సంగతే పట్టించుకోలేదు. అలాంటివాళ్ల ఆర్‌ఓసీలో ఐదు పాయింట్లూ ఒకేచోట ముద్దగా పడతాయి, ఏ మోడల్‌కైనా ఒకటే, మోడళ్లని విడదీసే సమాచారం అందులో ఉండదు.

ఒక ఫ్రెండ్ పరీక్ష అవగానే ఫోన్ చేసి, "కొన్ని మాటలు చూడగానే అప్పుడు నా మనసులో ఏం మెదిలిందో కూడా గుర్తొచ్చిందిరా, కొన్ని మాత్రం చూశాననే అనిపిస్తుంది, ఒట్టు వేయమంటే వేయలేను" అన్నాడు. పక్కా మాండ్లర్ బస్సు కథ. 1985లో టుల్వింగ్ ఈ తేడానే నేరుగా అడగడం మొదలుపెట్టాడు, జ్ఞాపకం వచ్చిందా, ఉట్టి తెలుసనిపిస్తోందా అని. అయితే అలా చెప్పినంత మాత్రాన లోపల రెండు యంత్రాలున్నట్టు కాదు. బలం అనే ఒకే కొలబద్ద మీద బాగా పైన ఉన్నవాటిని "గుర్తొచ్చింది" అని, కాస్త కిందున్నవాటిని "తెలుసు" అని చెప్పినా ఇదే మాట వస్తుంది, 1996లో డోనాల్డ్‌సన్ వాదించింది అదే. ఫ్రెండ్ మాట విని నా మొగ్గు ఇంకాస్త పెరిగింది, కోడ్ మాత్రం పట్టించుకోలేదు.

డేటా సంగతికి వస్తే, ఎక్కువమందిలో వాలు 1 కన్నా తక్కువే, కాబట్టి సమాన వేరియన్స్ పోటీ నుంచి పోయింది. మిగతా రెండిటి మధ్య కొందరు ఇటు, కొందరు అటు, మొత్తం కూడితే అసమాన వేరియన్స్ వైపు స్వల్పంగా మొగ్గింది. రికవరీ ఫలితాలు చూశాక ఆ స్వల్పాన్ని నేను గెలుపు అనను.

ఇక్కడే ఇంకో చిక్కు. రెండు ప్రక్రియల మోడల్ ఓడితే ఓడింది ఆ ఆలోచనా, లేక రీకలెక్షన్ జరిగిన ప్రతిసారీ మనిషి చివరి బటనే నొక్కుతాడన్న అదనపు షరతా? సగం సగం గుర్తొచ్చి పక్క బటన్ నొక్కే వీలు లేదా? విక్స్‌టెడ్, మికెస్ 2010లో రెండు ప్రక్రియలూ ఉన్నాయి, రెండూ తక్కువ ఎక్కువలతో ఉంటాయి అన్నారు. ఆ రకం మోడల్ ఆర్‌ఓసీలో అసమాన వేరియన్స్‌లాగే కనిపిస్తుంది. అప్పుడు నా పోటీలో గెలిచింది ఎవరు?

కొంచెం పక్కకి: రెమ్

పై మోడళ్లన్నీ కర్వులు ఇలా ఉన్నాయి అంటాయి గానీ ఎందుకలా ఉన్నాయో చెప్పవు. అది చెప్పేది 1997లో షిఫ్రిన్, స్టైవర్స్ తెచ్చిన రెమ్. ఇది పోటీకి కాదు, నా సరదాకి కోడ్ చేశాను, ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

ఇందులో ప్రతి మాటా కొన్ని లక్షణాల వరస, ఒక్కో లక్షణానికీ ఒక అంకె. చిన్న అంకెలు తరచుగా కనిపించే లక్షణాలు, పెద్ద అంకెలు అరుదైనవి. మాట చూసినప్పుడు దాని నకలు జ్ఞాపకంలో పడుతుంది, అదీ అసంపూర్ణంగా, తప్పులతో. పరీక్షలో ఒక మాట వస్తే దాన్ని నకళ్లన్నిటితో పోల్చి, "ఈ నకలు ఈ మాటదే అయ్యే అవకాశం ఎంత, యాదృచ్ఛికంగా కలిసే అవకాశం ఎంత" అని నిష్పత్తి కడుతుంది. ఆ నిష్పత్తుల సగటు 1 దాటితే పాతది.

వాళ్ల పేపర్‌లో వాడిన విలువలతోనే, అంటే జ్యామెట్రిక్ పంపిణీకి (చిన్న అంకెలు ఎక్కువగా, పెద్దవి అరుదుగా వచ్చే పంపిణీ) 0.4, సరిగ్గా నకలు పడే అవకాశం 0.7 తీసుకుని, లెక్కేశాను. అంకె 1 ఉన్న లక్షణం కలిస్తే ఆ నకలు నిష్పత్తి 2.05 రెట్లు అవుతుంది. అంకె 6 ఉన్నది కలిస్తే 22.8 రెట్లు. కలవకపోతే ఏ అంకెకైనా 0.3 రెట్లకి పడిపోతుంది. అరుదైన లక్షణం కలవడం అంత బలమైన సాక్ష్యం అన్నమాట. అరుదైన మాటల్లో అరుదైన లక్షణాలు ఎక్కువ కాబట్టి అవి పాతవైతే గట్టిగా పాతవిగా తేలతాయి, కొత్తవైతే యాదృచ్ఛికంగా దేనితోనూ కలవవు కాబట్టి గట్టిగా కొత్తవిగా తేలతాయి. మిర్రర్ ఎఫెక్ట్ దానంతటదే వచ్చేసింది, ఎవరూ విడిగా పెట్టలేదు. సిమ్యులేషన్‌లో అది తెర మీద కనిపించినప్పుడు నిజంగా ఒళ్లు పులకరించింది.

అంతకుముందు మోడళ్లకి, అంటే 1984 నాటి సామ్, మినర్వా లాంటివాటికి, ఇంకో గండం ఉండేది. జాబితాలో కొన్ని మాటల్ని ఎక్కువసేపు చూపిస్తే వాటి బలం మిగతావాటిని ముంచేయాలి అని అవి చెప్పేవి. 1990లో రాట్‌క్లిఫ్, క్లార్క్, షిఫ్రిన్ చేసిన ప్రయోగాల్లో గుర్తుపట్టే పరీక్షల్లో అలా జరగలేదు. రెమ్‌లో ఎక్కువసేపు చూసిన మాట నకలు మరింత నిండుగా తయారవుతుంది, నిండైన నకలు వేరే మాటలతో పొరపాటున కలవడం తగ్గుతుంది, కాబట్టి ముంచదు.

కోడ్ చేసేవాళ్లకి ఒక్క సలహా: నిష్పత్తుల్ని నేరుగా గుణించకుండా లాగ్‌లలో కూడండి, సగటు తీసేటప్పుడు లాగ్-సమ్-ఎక్స్‌ప్ వాడండి.

తర్వాత చేయబోయేది

ఇరుకు ఎక్కడుందో తెలిసింది కాబట్టి డేటా అక్కడే ఎక్కువ తీయాలి. పరీక్షలో కొత్త మాటల్ని వంద నుంచి మూడు వందలకి పెంచితే పై ఉదాహరణలో "కచ్చితంగా పాతది" తప్పులు రెండు మోడళ్ల లెక్కన సుమారు 2, సుమారు 7 అవుతాయి. ఆ తేడా ఒక్క మనిషిలోనూ పట్టుకోవచ్చు. కొత్తవి ఎక్కువైతే మనుషులు హద్దుని కఠినం చేసుకుంటారు, నాకు కావాల్సింది కూడా కఠినమైన చివరే కాబట్టి అది ఇబ్బంది కాదు. ఇబ్బంది వేరేచోట ఉంది: పరీక్ష పొడవైతే మనుషులు అలిసిపోతారు, పైగా పరీక్షలో చూసే మాటలు కూడా జ్ఞాపకంలో పడుతూ ముందుకెళ్లే కొద్దీ గుర్తుపట్టడాన్ని దెబ్బతీస్తాయి. క్రిస్, మాల్మ్‌బర్గ్, షిఫ్రిన్ 2011లో ఇదే చూపించారు. అందుకని ఒకే సిట్టింగ్‌లో కాకుండా చిన్న చిన్న జాబితాలుగా విడగొట్టి, ప్రతి చిన్న జాబితాకీ చూపించడం, పరీక్షించడం విడిగా పెట్టి, చివర్లో ఒకే మనిషివి కలుపుతాను.

పాతది వైపు బటన్లు కూడా పెంచుతున్నాను, కొత్తది వైపు మూడే ఉంచి పాతది వైపు ఐదు. వేలు జారిన నొక్కుళ్ల కోసం ప్రతి మోడల్‌లోనూ చిన్న "పరధ్యానం" పారామీటర్ పెట్టి, అది ఉంటే ఒకరు, లేకపోతే ఇంకొకరు గెలుస్తున్నారేమో చూడాలి. అలా మారిందంటే ఆ మనిషి డేటాని పట్టికలో విడి గుర్తుతో పెడతాను. ప్రతి నొక్కుడికీ పట్టిన సమయం కూడా ఫైల్‌లో దాస్తున్నాను, జవాబుకి పట్టే సమయాన్ని కూడా వివరించే 1978 నాటి రాట్‌క్లిఫ్ డిఫ్యూజన్ మోడల్‌కి అది కావాలి, కానీ ఇప్పుడే దాని జోలికి పోను. కొత్త డిజైన్‌తో దొంగ డేటా రికవరీ ముందు నడవాలి, అందులో ఒక్కొక్క మనిషి స్థాయిలో సరైన మోడల్ నిలకడగా గెలిస్తేనే లింక్ మళ్లీ పంపుతాను.